మందు కొనసాగించే అధికారం నర్సుకు రాసి ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల ముఖ్య కార్యదర్శులకు, రెండు రాష్ట్రాల మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలకు, నర్సింగ్ కౌన్సిళ్ళకు నమస్కారాలు.

మేము పీహెచ్‌సీల్లోనూ ఊళ్ళలోనూ మానసిక జబ్బులున్నవారిని చూసుకునే నర్సులం, సైకియాట్రిక్ నర్సింగ్ పాఠం చెప్పే అధ్యాపకులం. ఈ లేఖలో అడుగుతున్నది ఒక్కటే. జబ్బేమిటో తేల్చడం, మొదటి మందు మొదలుపెట్టడం సైకియాట్రిస్టు పని. అందులో మాకు ఏ పేచీ లేదు. కానీ మందు మొదలయ్యాక డాక్టరు మళ్ళీ చూసేదాకా వారాలు, నెలలు గడుస్తాయి. ఆ మధ్యకాలంలో మందు కొనసాగించడానికి, డాక్టరు గీసిన హద్దు లోపల మోతాదు సర్దడానికి, ప్రమాదం కనిపిస్తే ఆపడానికి శిక్షణ పొందిన కమ్యూనిటీ సైకియాట్రిక్ నర్సుకు అధికారం ఇవ్వండి. నోటిమాటగా కాదు, రాతపూర్వకంగా.

ఈ పని ఇప్పుడు జరగడం లేదని ఎవరైనా అంటే అది నిజం కాదు. జరుగుతోంది, కాగితం లేకుండా జరుగుతోంది. నెలకోసారి మండల కేంద్రంలో జరిగే మానసిక వైద్య శిబిరం సంగతే చూడండి. ఆ రోజే డాక్టరు గారికి వికలాంగుల ధ్రువీకరణ పత్రాలిచ్చే సదరం క్యాంపులో డ్యూటీ పడుతుంది, లేదంటే కోర్టు సమన్లు వస్తాయి. పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్ళు వరండా నిండా కూర్చుని ఉంటారు. నర్సు ఫోన్ చేస్తుంది. "అవే మందులు ఇచ్చి పంపండమ్మా" అని జవాబు వస్తుంది. పాత చీటీ మీద "రిపీట్" అని రాసి, తేదీ వేసి మందులిస్తారు. ఎవరు ఇమ్మన్నారో, ఆ నెల మనిషి ఎలా ఉన్నాడో, బరువెంతో, చేతులు బిగుసుకుపోతున్నాయో లేదో ఆ చీటీలో ఎక్కడా కనిపించదు. రేపు తేడా వస్తే సంజాయిషీ నర్సుదే. ఇవ్వకుండా పంపిస్తే నెల తిరక్కుండానే జబ్బు తిరగబెడుతుంది, దానికీ మాట పడేది నర్సే. పైగా ఇలా రిపీట్లు పడీపడీ, ఎన్నడో మూడు నెలలకని రాసిన మందు మూడేళ్ళుగా నడుస్తున్న చీటీలు మా చేతుల్లోకి వస్తూనే ఉన్నాయి.

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో వచ్చింది. 1996లో దాన్ని జిల్లా స్థాయికి తెచ్చినప్పుడు దేశం మొత్తంలో ఎంచుకున్న మొదటి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. అప్పటి నుంచీ ఈ కార్యక్రమం జట్టులో నర్సు ఉంది. జట్టులో ఉండి ఏం చేయవచ్చో మాత్రం ఎవరూ తేల్చి రాయలేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. అందులో మన రెండు ప్రాంతాలూ లేవు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని అది తేల్చింది. దేశంలో లక్ష జనాభాకు 0.75 మంది సైకియాట్రిస్టులున్నారని లెక్క, కనీసం ముగ్గురైనా ఉండాలని నిపుణుల మాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 31వ సెక్షన్ పదేళ్ళలోపు అంతర్జాతీయ ప్రమాణాల మేరకు నిపుణులను సమకూర్చాలని ప్రభుత్వాలను ఆదేశించింది. చట్టం అమల్లోకి వచ్చింది 2018లో, అంటే గడువు 2028. ఎంబీబీఎస్ అయ్యాక సైకియాట్రీలో ఎండీకి మూడేళ్ళు పడుతుంది. ఇప్పుడు సీట్లు పెంచినా ఆ డాక్టర్లు చేతికొచ్చేసరికి గడువు దాటిపోతుంది. కాబట్టి ఉన్న డాక్టరు చెయ్యి ఎంత దూరం అందేలా చేయగలమన్నదే ఇప్పుడు ఆలోచించాల్సింది.

నర్సు చేతిలో మందు విషయం ఎంత సూక్ష్మంగా ఉంటుందో తెలియకుండా దీని మీద నిర్ణయం తీసుకోవడం కష్టం. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాం, ఓపిగ్గా చదవమని మనవి.

స్కిజోఫ్రీనియా ఉన్నవారికి రోజూ మాత్రలు మింగించడం కష్టమైనప్పుడు డిపో ఇంజెక్షన్, అంటే ఒకసారి వేస్తే వారాల తరబడి పనిచేసే సూది, ఇస్తారు. సర్కారు ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడేది ఫ్లూఫెనజీన్ డెకనోయేట్, ఒక మి.లీ.లో 25 మి.గ్రా. నువ్వుల నూనెలో కలిపి ఉంటుంది కాబట్టి నువ్వులు పడనివారికి పనికిరాదు. ఆ మాట అడగకుండా సూది వేయకూడదు. సిరంజి, సూది పొడిగా ఉండాలి, నీటి తడి తగిలితే మందు మబ్బుగా మారుతుంది. 21 గేజ్, ఒకటిన్నర అంగుళాల సూది కావాలి, సన్న సూదిలోంచి నూనె దిగదు. పిరుదు పై బయటి భాగంలో చర్మాన్ని ఒక పక్కకు లాగి పట్టుకుని, సూది దించి, రక్తం రావడం లేదని చూసుకుని నెమ్మదిగా ఎక్కించాలి. పది సెకన్లు ఆగి సూది తీశాక చర్మం వదలాలి. రుద్దకూడదు, రుద్దితే మందు పైకి ఎగదన్ని గడ్డ కడుతుంది. పోయినసారి కుడివైపు వేస్తే ఈసారి ఎడమవైపు.

ఇంతవరకూ చెప్పింది చేతిపని. అసలు పని సూది చేతికి తీసుకోకముందే ఉంటుంది. మనిషిని పది అడుగులు నడిపించి చేతులు ఊగుతున్నాయో లేదో చూడాలి. మోచేతిని పట్టుకుని మడిచి చాస్తుంటే పంటి చక్రంలా ఆగి ఆగి కదులుతోందేమో చూడాలి. కుదురుగా కూర్చోలేక కాళ్ళు ఆడిస్తున్నాడా, నాలుక మెలికలు తిరుగుతోందా, నోట్లోంచి చొంగ కారుతోందా గమనించాలి. బిగుసుకుపోయి ఉన్నవాడికి మళ్ళీ అదే 25 మి.గ్రా. ఎక్కిస్తే వచ్చే పక్షం అతను నర్సు బండి చప్పుడు వినగానే పొలం దాటి వెళ్ళిపోతాడు. అక్కడ చేయాల్సింది మోతాదు 12.5కి తగ్గించడమో, రెండు వారాల వ్యవధిని మూడు వారాలకు జరపడమో. ఏది చేయాలో నర్సుకు తెలుసు, డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయనా అదే అంటారు. కానీ అలా చేయవచ్చని ఎక్కడా రాసి లేదు. దాంతో పూర్తి మోతాదు ఎక్కించి పంపుతారు, లేదా అసలు వేయకుండా "డాక్టరు వచ్చినప్పుడు రండి" అంటారు. రెండూ తప్పే.

డిపో తప్పిపోతే వెంటనే ఏమీ కాదు. మోసమంతా ఇందులోనే ఉంది. మందు కండరంలోంచి వారాల తరబడి ఊరుతూనే ఉంటుంది కాబట్టి గడువు దాటిన మొదటి రోజుల్లో చేతుల బిగుతు తగ్గి మనిషి హుషారుగా కూడా కనిపిస్తాడు. "సూది లేకపోయినా బాగానే ఉన్నాడు కదమ్మా" అంటారు ఇంట్లోవాళ్ళు. తర్వాత రెండు మూడు నెలలకు నిద్ర చెడుతుంది, గొణుగుడు మొదలవుతుంది, పక్కింటివాళ్ళ మీద అనుమానాలు వస్తాయి. అప్పటికి సూది తప్పిన సంగతి అందరూ మరిచిపోయి ఉంటారు. చివరికి ఎర్రగడ్డకో, విశాఖ చినవాల్తేరు ఆసుపత్రికో చేతులు కట్టి తీసుకెళ్ళాల్సి వస్తుంది. గడువు తేదీని పట్టుకుని ఇంటికి వెళ్ళేది నర్సే కాబట్టి, ఆ గడపలో నిర్ణయం తీసుకునే హక్కు కూడా ఆమెకు ఉండాలి.

ఒక్కోసారి సూది వేసిన రెండు మూడు రోజుల్లోపు మెడ ఒక పక్కకు మెలితిరిగి, కళ్ళు పైకి నిలబడిపోతాయి. గాలి సోకిందనీ దెయ్యం పట్టిందనీ అనుకుని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఫెనర్గాన్ ఇంజెక్షన్ ఒకటి కండరంలోకి ఇస్తే చాలావరకు అరగంటలో సర్దుకుంటుంది. గొంతు కండరాలు పట్టేస్తే మాత్రం ఊపిరి ఆడదు, అప్పుడు 108 రావాలి. అలాంటి సమయంలో నర్సు డాక్టరు ఫోన్ ఎత్తేదాకా ఎదురుచూడాలా?

ఈ బిగుతుకు ఇచ్చే పాసిటేన్, అంటే ట్రైహెక్సిఫెనిడిల్ 2 మి.గ్రా. మాత్ర, రిపీట్ చీటీల వల్ల జరుగుతున్న నష్టానికి పెద్ద ఉదాహరణ. అవసరం ఉన్నన్నాళ్ళు అది మంచి మందే. మూడు నెలలకోసారి చూసి, బిగుతు లేకపోతే మెల్లగా తగ్గించి ఆపేయాలి. చీటీలో ఒకసారి పడ్డాక దాన్ని తీసేసేవారే ఉండరు. పెద్దవయసువాళ్ళకు నోరెండిపోతుంది, మలబద్ధకం పట్టుకుంటుంది, మూత్రం ఆగిపోతుంది, మతిమరుపు ముదురుతుంది. "ముసలితనం" అని సరిపెట్టుకుంటారు. కుర్రవాళ్ళలో కొందరికి దాని మత్తు అలవాటై "ఆ చిన్న గోలీ ఇంకో పది ఇవ్వక్కా" అని అడుగుతారు. నెల నెలా ముఖం చూసేది నర్సు కాబట్టి తగ్గించే అధికారం ఆమెకు ఇస్తే ఎన్నో మాత్రలు చీటీలోంచి వెళ్ళిపోతాయి. నర్సుకు మందుల అధికారమంటే ఎక్కువ మందులు ఇవ్వడమని చాలామంది భయపడుతున్నారు. మా అనుభవంలో ఆ అధికారం ఎక్కువసార్లు అవసరపడేది తగ్గించడానికీ, ఆపడానికీ.

ఆపడం అనగానే చెప్పాల్సింది లిథియం. విపరీతమైన ఉద్రేకం, దిగులు మారి మారి వచ్చే బైపోలార్ జబ్బుకు ఇంతకంటే నమ్మకమైన మందు తక్కువ. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ వరకు ఉంటే ఔషధం, 1.5 దాటితే విషం. ఆ రెంటి మధ్య ఉన్న సందు ఎంత చిన్నదో చూడండి. రక్తం తీయాల్సింది చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు. రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకుంటే పొద్దున తొమ్మిదికి రక్తమివ్వాలి, పొద్దుటి మాత్ర జేబులో తెచ్చుకుని రక్తమిచ్చాకే వేసుకోవాలి. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల ఎన్నో రిపోర్టులు తప్పుడు అంకెలు చూపిస్తాయి. ఇంకో పొరపాటు ల్యాబులో జరుగుతుంది. ఆకుపచ్చ మూత ట్యూబులో ఉండే హెపారిన్ లిథియం లవణం కావచ్చు, అందులో రక్తం పోస్తే లేని లిథియం కూడా కనిపిస్తుంది. మోతాదు మార్చిన వారానికి ఒకసారి, అంతా కుదిరాక మొదటి ఏడాది మూడు నెలలకోసారి పరీక్ష ఉండాలి. కిడ్నీ, థైరాయిడ్, కాల్షియం ఆరు నెలలకోసారి చూడాలి.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. లిథియం వాడే మనిషికి మోకాళ్ళ నొప్పులు వస్తాయి. ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటాడు, వారానికి సరిపడా అవే మాత్రలు తెచ్చుకుంటాడు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మందులు కిడ్నీ గుండా లిథియం బయటికి పోకుండా అడ్డుకుంటాయి. లేదంటే అదే పీహెచ్‌సీలో బీపీ క్లినిక్‌లో టెల్మిసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయాజైడ్ మొదలుపెడతారు, దాని ఫలితమూ అదే. పైగా మే నెల ఎండ, చెమట, బీపీ అని ఉప్పు మానేయడం, రెండు రోజుల విరేచనాలు. మాత్ర ఒక్కటి కూడా ఎక్కువ వేసుకోకుండానే మనిషి విషంలో పడతాడు. చేతుల వణుకు సన్నగా ఉన్నది పెద్దదవుతుంది, మాట ముద్దవుతుంది, నడక తూలుతుంది, వాంతులు మొదలవుతాయి. తాగి ఉన్నాడని అరుగు మీద పడుకోబెట్టి వదిలేస్తారు. నర్సు ఆ ఇంటికి వెళ్ళినప్పుడు చేయాల్సింది ఆ పూట లిథియం ఆపించడం, నొప్పి మాత్రలు తీసి పక్కన పెట్టడం, అదే రోజు రక్తపరీక్షకూ సెలైన్ ఎక్కించగల ఆసుపత్రికీ పంపడం. బీపీ కార్డు, మానసిక వైద్య కార్డు రెండూ ఒకే సంచిలోంచి తీసి చూసేది ఊళ్ళో ఆమె ఒక్కతే. "నేను ఆపమన్నానని రాయనా వద్దా" అన్న సందేహంతో ఆమె ఒక పూట ఆలస్యం చేస్తే కిడ్నీ దెబ్బతినవచ్చు, ఒక్కోసారి మెదడుకు శాశ్వతంగా నష్టం మిగులుతుంది.

మిగతా మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ మొదలుపెట్టడం, పెంచడం మేము అడగడం లేదు. మొదటి 18 వారాలు వారం వారం తెల్లరక్తకణాల లెక్క చూడాల్సిన మందు అది. కానీ దాన్ని ఆపే సమయం నర్సుకు తెలియాలి, ఆ అధికారమూ ఉండాలి. 48 గంటలకు మించి మందు తప్పితే పాత మోతాదు నేరుగా వేసుకోకూడదు, మళ్ళీ 12.5 మి.గ్రా. నుంచి ఎక్కాలి. జాతరకు వెళ్ళి మాత్రలు ఇంట్లో మరిచి, నాలుగో రోజు వచ్చి ఎప్పటిలాగే 300 వేసుకున్న మనిషికి బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. బీడీ పొగ క్లోజపిన్‌ను లివర్‌లో త్వరగా ఖర్చు చేయిస్తుంది. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు బీడీ ముట్టని మనిషికి అదే మోతాదు ఎక్కువైపోతుంది. మాల తీశాక మళ్ళీ బీడీ మొదలైతే తక్కువవుతుంది. ఆసుపత్రి కంప్యూటర్‌లో ఈ సంగతి ఎక్కదు. కార్తీక మాసంలో ఇంటికి వెళ్ళిన నర్సు కంట పడుతుంది.

ఇక ఎలా చేయాలన్నది. మేము కోరేది ఒక్కో రోగికి ఒక పేజీ చికిత్సా పత్రం. సైకియాట్రిస్టు రాసి సంతకం చేస్తారు, నర్సు సంతకం చేస్తుంది. రోగి, లేదా చట్టం ప్రకారం ఆయన పెట్టుకున్న నామినీ ప్రతినిధి ఒప్పుకుని సంతకం చేస్తారు. ఒక ప్రతి ఇంట్లో తెలుగులో ఉంటుంది. అందులో జబ్బు పేరు, మందుల పేర్లు బ్రాండ్ కాకుండా అసలు పేరుతో, కనీస మోతాదు, గరిష్ఠ మోతాదు, ఒకసారికి ఎంత మార్చవచ్చు, రెండు మార్పుల మధ్య ఎన్ని రోజులు ఆగాలి అన్నవి ఉండాలి. ఉదాహరణకు: రిస్పెరిడోన్ 2 నుంచి 6 మి.గ్రా. మధ్య, ఒకసారికి 1 మి.గ్రా. మించకుండా, మార్పుకూ మార్పుకూ రెండు వారాలు. జబ్బు తిరగబెట్టే గుర్తులను ఇంట్లోవాళ్ళ మాటల్లోనే రాయాలి, "రాత్రిళ్ళు లేచి తలుపు గడియలు చూసుకుంటాడు" అన్నట్టు. ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు ఫోన్ చేయాలి, ఎప్పుడు 108 పిలవాలి అన్నది కింద మూడు గడుల్లో ఉండాలి. పత్రానికి ఆరు నెలల గడువు. ఆలోగా డాక్టరు మనిషిని చూడకపోతే పత్రం చెల్లదు. ఆ గడువే అసలు రక్షణ. లేకపోతే ఇది కూడా ఇంకో రిపీట్ చీటీ అయిపోతుంది.

ఈ పద్ధతి మేము కనిపెట్టింది కాదు. బ్రిటన్‌లో 1994లో జిల్లా నర్సులకు, హెల్త్ విజిటర్లకు చిన్న మందుల జాబితాతో మొదలైంది. 2003లో డాక్టరు, నర్సు, రోగి ముగ్గురూ ఒప్పుకున్న ప్రణాళిక మేరకు మందు రాసే అనుబంధ అధికారం వచ్చింది. స్వతంత్రంగా దాదాపు అన్ని మందులూ రాసే అధికారం 2006లో గానీ రాలేదు. మెట్టు మెట్టుగా పన్నెండేళ్ళు పట్టింది. అక్కడ కోర్సులో 26 రోజుల పాఠాలు, డాక్టరు పర్యవేక్షణలో 12 రోజుల పని ఉండేవి. లెక్కల పరీక్షలో నూటికి నూరు రావాలి, ఒక్క లెక్క తప్పినా ఫెయిల్. మనకూ అదే కావాలి. ఆంపూల్ మి.లీ.కి 25 మి.గ్రా.ది, ఇవ్వాల్సింది 37.5 మి.గ్రా. అయితే ఎన్ని మి.లీ. అన్నదానికి ఒకటిన్నర అని చెప్పలేనివారికి ఈ అధికారం వద్దు. మేము అడుగుతున్నది 2003 మెట్టు, 2006 మెట్టు కాదు.

మన దగ్గర కూడా నర్సును నమ్మిన చోటు ఉంది. గర్భిణికి గుర్రపువాతం (బీపీ పెరిగి వచ్చే ఫిట్లు) వస్తే పెద్దాసుపత్రికి పంపేముందు మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు, రెండు పిరుదుల్లో ఐదేసి గ్రాములు, ఏఎన్‌ఎం ఇవ్వవచ్చని కేంద్రం మార్గదర్శకాల్లోనే రాసింది. అది లిథియం కంటే తక్కువ ప్రమాదమున్న మందేమీ కాదు. తెలంగాణ 2017లోనే మిడ్‌వైఫ్‌ల శిక్షణ మొదలుపెట్టి ప్రసవ గదిని వాళ్ళ చేతికి అప్పగించింది. డాక్టరు మొదలుపెట్టిన బీపీ, షుగరు మందులను ఊరి క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ (మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్త) నెల నెలా ఇస్తూనే ఉంది. మనసు జబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలం నర్సుకు దూరమైంది.

చట్టం అడ్డు అంటారు. 1945 డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూల్ ప్రకారం షెడ్యూల్ హెచ్ మందుకు రిజిస్టర్డ్ డాక్టరు చీటీ ఉండాలి, నిజమే. బయట మందుల దుకాణానికి నర్సు చీటీ రాయాలంటే కేంద్రం ఆ రూల్ మార్చాలి. మేము అది అడగడం లేదు. అదే రూల్స్‌లో షెడ్యూల్ కె 23వ అంశం ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమం కింద పీహెచ్‌సీలు, ఉపకేంద్రాల నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చే మందులకు మినహాయింపు ఇస్తోంది. డాక్టరు సంతకం చేసిన పత్రం మేరకు, సర్కారు స్టాకులోని మందును, కార్యక్రమంలో నమోదైన రోగికి మాత్రమే నర్సు ఇస్తుంది. న్యాయశాఖ అభిప్రాయం తీసుకుని దీన్నే జీవోగా ఇవ్వవచ్చు. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షన్ సామాజిక ఆరోగ్య ప్రదాతలకు పరిమిత లైసెన్సును ఊహించింది. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాలు రోగి పక్కన నర్సు కూర్చుని డాక్టరుతో మాట్లాడటాన్ని గుర్తించాయి. పాత నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో కొత్త కమిషన్ చట్టం వచ్చింది. నర్సు పని పరిధిని తిరిగి రాసుకోవడానికి ఇంతకంటే తగిన సమయం దొరకదు.

ఏమేం వద్దో కూడా తేటగా ఉండాలి. కొత్త జబ్బు నిర్ధారణ వద్దు. 18 ఏళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లుల మందుల్లో మార్పు వద్దు. లిథియం పెంచడం వద్దు. నిద్రమాత్రలు, అంటే డయజెపామ్, క్లోనజెపామ్ లాంటివి కొత్తగా మొదలుపెట్టడం, పెంచడం వద్దు. మద్యం మానేటప్పుడు వచ్చే ఫిట్లు, మతిచలనం ఆసుపత్రిలోనే చూడాలి. బైపోలార్‌కూ ఫిట్లకూ ఇచ్చే వాల్ప్రోయేట్ వాడుతున్న పెళ్ళీడు ఆడపిల్ల, పిల్లలు పుట్టే వయసు స్త్రీ కనిపిస్తే నర్సు చేయాల్సింది నెలసరి సంగతి అడిగి, డాక్టరుకు అదే వారంలో చూపించడం. ఆ మందుతో పుట్టే పిల్లల్లో పదిమందిలో ఒకరికి అవయవ లోపం, ముగ్గురు నలుగురికి ఎదుగుదలలో ఇబ్బంది ఉండవచ్చు. ఆత్మహత్య ఆలోచన ఉన్నవారికి మాత్రం వారానికి సరిపడా మందే ఇచ్చే అధికారం నర్సుకు ఉండాలి. దిగులుకు ఇచ్చే అమిట్రిప్టిలిన్ నెల మాత్రలు ఒకేసారి ఇంట్లో పెట్టడమంటే పురుగుల మందు డబ్బా పెట్టినట్టే.

సైకియాట్రిస్టులకు ఒక మాట. మీ భయం మాకు అర్థమవుతుంది. సూది వేయడం నేర్చుకున్న ప్రతివాడూ డాక్టరు బోర్డు పెట్టుకున్న ఊళ్ళు మనవి. అందుకే ఈ అధికారం పత్రం మీద మీ సంతకంతో పుడుతుంది, మీ సంతకం గడువుతో పోతుంది. ప్రతి నెలా ప్రతి నర్సు పత్రాల్లోంచి పది తీసి మీరు చూడాలి. మందు నిర్ణయించిన చెయ్యే మందు లెక్కపెట్టి ఇస్తే పొరపాటు పట్టేవారుండరు, కాబట్టి ఫార్మసిస్టు రెండోసారి చూడాలి. నర్సు ఫోన్‌కు అదే రోజు జవాబిచ్చే డాక్టరు పేరు రోస్టర్‌లో ఉండాలి. ఆయన అందకపోతే పక్క జిల్లా డాక్టరు. మానసిక సహాయ ఫోన్ లైను టెలిమానస్ 14416 ప్రజలకు 2022 నుంచి పనిచేస్తోంది, అలాంటి లైనే నర్సుకు డాక్టరుతో ఒకటి కావాలి.

శాఖ చేయాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. సైకియాట్రిక్ నర్సింగ్‌లో ఏడాది డిప్లొమా చేసిన నర్సును లేబర్ రూములో వేస్తున్నారు, ఆపండి. ఏడాదికోసారి రెన్యువల్ కోసం ఎదురుచూసే కాంట్రాక్టు నర్సు మీద ఈ బాధ్యత పెట్టకండి. పెడితే పోస్టు పక్కా చేయండి, ప్రభుత్వ ఖర్చుతో బీమా ఇవ్వండి. 2017 చట్టం సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) నుంచి పైకి అన్నిచోట్లా మానసిక మందులు ఉచితంగా, ఎప్పుడూ ఉండాలంటోంది. అయినా స్టాకులో 2 మి.గ్రా. మాత్రలు అయిపోయి 1 మి.గ్రా.వి వచ్చినప్పుడు "రెండు వేసుకో" అని చెప్పడం మరిచిపోతే, సగం మందే పడి జబ్బు తిరగబెడుతుంది. ఇండెంట్‌లో (మందుల కోరిక పత్రంలో) డిపో ఆంపూల్స్‌తో పాటు 21 గేజ్ సూదులు కూడా రాయించండి, సూది లేక ఆంపూల్స్ అలమరాలో గడువు తీరిపోవడం కొత్త కాదు.

మొదట రెండు చోట్ల పెట్టి చూడండి. తెలంగాణలో మెదక్, ఈ కార్యక్రమం మొదలైన చోటు. ఆంధ్రప్రదేశ్‌లో పాడేరు ఏజెన్సీ, కొండల్లోని గిరిజన ప్రాంతం. ఏడాది పాటు లెక్క పెట్టండి. గడువు తేదీకి వారంలోపు పడిన డిపోలు ఎన్ని, సమయానికి జరిగిన లిథియం పరీక్షలు ఎన్ని, నర్సు ఆపిన మందులు ఎన్ని, అందులో డాక్టరు ఒప్పుకోనివి ఎన్ని, ఆసుపత్రిలో మళ్ళీ చేరినవాళ్ళు ఎందరు, జరిగిన పొరపాట్లు ఎన్ని. పొరపాట్ల లెక్కను దాచకుండా, రాసినవారిని శిక్షించకుండా తీసుకుంటేనే అది పనికొస్తుంది.

చికిత్సా పత్రం నమూనా మేము తెలుగులో తయారుచేసి ఉంచాం. ఒకటే పేజీ. సైకియాట్రిస్టులు దిద్దడానికి ఎడమవైపు ఖాళీ వదిలాం. మీరు ఏ రోజు రమ్మంటే ఆ రోజు పట్టుకొస్తాం.

ఇట్లు,
కమ్యూనిటీ సైకియాట్రిక్ నర్సులు, సైకియాట్రిక్ నర్సింగ్ అధ్యాపకులు